ఇంటి దీపం, ఊరి వెలుగు

ఉపాధ్యాయుడు రాజకీయాలు మాట్లాడవచ్చునా? ఈ ప్రశ్న పాతది. కూడదనే వారు రెండు కారణాలు చూపుతారు. జీతమిచ్చే ప్రభుత్వాన్ని విమర్శించడం ఉద్యోగ ధర్మం కాదన్నది మొదటిది. ఎదుట కూర్చున్న పసివారి మనసులు పచ్చి మట్టి వంటివి కనుక వాటిపై తన అభిప్రాయాల ముద్ర వేయరాదన్నది రెండవది. మాట్లాడాలనే వారి వాదం వేరు. లోకాన్ని వివరించవలసినవాడు, లోకాన్ని నడిపే వ్యవహారం గురించి నోరు విప్పకపోతే ఆ చదువుకు అర్థమేమిటని వారు అడుగుతారు. రెండు వాదాలలోను నిజం లేకపోలేదు. అందుకే ఈ చర్చ ఎన్నికల ముందు రేగి, ఎన్నికల తరువాత చల్లారి, మళ్లీ ఐదేళ్లకు యథాతథంగా మొదలవుతూ ఉంటుంది.

ఇటువంటి ప్రశ్నలకు సమాధానం వాదాలలో కంటె జీవితాలలో వెదకడం మేలు. ముప్పై ఏడు సంవత్సరాలు బడిలో పాఠాలు చెప్పి, అంతకాలమూ కవిత్వం రాసి, రాజకీయాలలో నిలువునా మునిగి, చివరకు శాసనసభలో సైతం కూర్చున్న ఉపాధ్యాయుడు ఒకరు పుదుచ్చేరి పట్టణంలో ఉండేవారు. పెరుమాళ్ కోవెల వీధిలో ఆయన నివసించిన 95వ నంబరు ఇల్లు నేడు ప్రభుత్వ స్మారక ప్రదర్శనశాల. లోకం ఆయనను భారతీదాసన్ అని ఎరుగును. బడి పట్టికలో ఆయన పేరు సుబ్బురత్నం.

తెలుగువారికి పుదుచ్చేరి పరాయి ఊరు కాదు. గోదావరి తీరాన కాకినాడకు దగ్గరలో ఉన్న యానాం ఆ కేంద్రపాలిత ప్రాంతంలో భాగమే. అక్కడి పిల్లలు తెలుగులో చదువుకొని చాలాకాలం ఆంధ్రప్రదేశ్ పరీక్షలే రాశారు. అయినా పుదుచ్చేరి అనగానే సముద్రతీరం, ఫ్రెంచి భవనాలు, అరవిందాశ్రమం గుర్తుకు వచ్చినంతగా ఈ బడిపంతులు గుర్తుకు రారు. తమిళనాట ప్రతి ఇంటికీ తెలిసిన ఆయన మాట, పక్కింటి వారమైన మనకు అంతగా వినబడలేదు.

కాలువకు ఈవల

సుబ్బురత్నం 1891 ఏప్రిల్ 29న ఒక వర్తకుని ఇంట జన్మించారు. నాటి పట్టణాన్ని ఒక కాలువ రెండుగా చీల్చేది. సముద్రం వైపు ఫ్రెంచివారి తెల్ల పట్టణం. కాలువకు పడమట తమిళుల పట్టణం. ఫ్రెంచి గణతంత్రం స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అనే మూడు మాటలను ప్రపంచానికంతకూ చాటింది. అదే గణతంత్రం తన పాలనలోని ఈ చిన్న పట్టణంలో పేరుకు ఓటు హక్కు ఇచ్చి, ఓటర్లను మాత్రం వేర్వేరు జాబితాలుగా చాలాకాలం విడదీసి ఉంచింది. ఆ మూడు మాటలకూ, ఆ కాలువకూ నడుమ ఉన్న దూరాన్ని చూస్తూ పెరిగిన కుర్రవాడు సుబ్బురత్నం.

కాల్వే కళాశాలలో తమిళం చదివి, 1909లో, అంటే పద్దెనిమిదవ ఏట, కారైకాల్ ప్రాంతంలోని నిరవి గ్రామంలో తమిళ ఉపాధ్యాయునిగా ఆయన ఉద్యోగంలో చేరారు. విరమించినది 1946లో. ఈ నడుమ ప్రపంచం రెండు మహాయుద్ధాలను చూసింది. పుదుచ్చేరిలో నూలు మిల్లుల కార్మికులు సమ్మె కట్టారు. 1936 జూలై 30న జరిగిన కాల్పులలో పన్నెండుమంది కార్మికులు మరణించారు. ఆ రక్తపాతం తరువాత, 1937లో, ఎనిమిది గంటల పనిదినం అక్కడ చట్టమైంది. ఊరిలో ఇంత జరుగుతుండగా బడిలో ప్రతి ఉదయం హాజరు పట్టిక తెరిచి పేర్లు పిలవవలసిన బాధ్యత ఒక మనిషి భుజాన ఉంది. పేరు పిలిస్తే పలకని పిల్లవాడు ఎందుకు రాలేదో ఉపాధ్యాయునికి తెలిసినంతగా మంత్రులకు తెలియదు. జ్వరమా, ఆకలా, తండ్రికి పని పోయిందా — ఆ గైర్హాజరు గుర్తు వెనుక ఒక సంసారపు కథ ఉంటుంది. రాజకీయం అనే పదం వినకముందే ఉపాధ్యాయునికి రాజకీయంతో పరిచయం ఏర్పడేది అక్కడే.

పేరులో ఉన్న కృతజ్ఞత

బ్రిటిషు ప్రభుత్వం అరెస్టు చేస్తుందన్న భయం వల్ల 1908లో ఒక తమిళకవి ఫ్రెంచి పుదుచ్చేరికి తరలివచ్చి, పదేళ్లపాటు అక్కడే తలదాచుకున్నాడు. ఆయన సుబ్రహ్మణ్య భారతి. ఆయన కూడా కొంతకాలం బడిపంతులే. 1904లో మదురైలోని సేతుపతి ఉన్నత పాఠశాలలో కొద్దినెలలు తమిళం చెప్పాడు. ఒక పెండ్లి విందులో సుబ్బురత్నం భారతి పాటను గొంతెత్తి పాడాడు. ఆ పాట కట్టిన కవి ఆ సభలోనే కూర్చుని వింటున్నాడని పాడినవానికి తెలియదు. అక్కడ మొదలైన పరిచయం గురుశిష్య సంబంధంగా మారింది. శిష్యుడు కట్టిన పద్యాన్ని భారతి స్వయంగా, తన కవితా మండలికి చెందినవాడని పరిచయం చేస్తూ 'స్వదేశమిత్రన్' పత్రికకు పంపాడు. పెద్దకవి ఒక పడుచు పంతులుకు చేసిన ఉపకారం అంతే: ఒక వాక్యం పరిచయం, ఒక తపాలా బిళ్ల ఖర్చు. ఆ చిన్న దయ ఫలితాన్ని తమిళ సాహిత్యం ఈనాటికీ అనుభవిస్తున్నది.

సుబ్బురత్నం గురువు వద్ద నేర్చుకున్నది ఛందస్సు మాత్రమే కాదు. బ్రాహ్మణుడైన భారతి పుదుచ్చేరిలోనే కనకలింగం అనే దళిత యువకునికి స్వహస్తాలతో యజ్ఞోపవీతం వేశాడు. కులభేదం తప్పని వేదిక ఎక్కి చెప్పినవారు అప్పటికే ఎందరో ఉన్నారు. పక్కన కూర్చోబెట్టుకొని నిరూపించినవారు కొందరే. ఆ కొందరిలో ఒకరిని కళ్లారా చూసిన శిష్యుడు తన కలానికి 'భారతికి దాసుడు' అనే పేరు పెట్టుకొన్నాడు.

అసలు పరీక్ష తరువాత వచ్చింది. ఒకప్పుడు సుబ్రహ్మణ్యస్వామిపై భక్తిగీతాలు, ఖద్దరు రాట్నంపై పాటలు రాసిన భారతీదాసన్ 1920ల చివరకు పెరియార్ ఇ.వి. రామస్వామి ఆత్మగౌరవోద్యమం వైపు నడిచారు. దైవభక్తిని విడిచిపెట్టారు. బ్రాహ్మణాధిక్యాన్ని నిరసించడంలో ఆయన కలం ఎవరికంటె తక్కువ పదును కాదు. నిజానికి కొన్నిచోట్ల అతి కటువు. ఆ ఉద్యమంలో నిలిచినవారికి ఒక బ్రాహ్మణ కవికి దాసుడననే పేరు ఇబ్బందికరమే. మార్చుకోవడం సులభం; ఉద్యమం చప్పట్లు కొట్టి ఉండేది. ఆయన మార్చుకోలేదు. 1964 ఏప్రిల్ 21న మద్రాసులో కన్నుమూసే వరకు భారతీదాసన్ గానే ఉన్నారు.

ఇందులో ఒక గొప్ప రాజకీయ పాఠం ఉంది. అభిప్రాయం మారింది, కృతజ్ఞత మారలేదు. సిద్ధాంతం ఒక దారి పట్టింది. మనిషికి మనిషి చేసిన మేలు మరచిపోవలసిన పని లేకపోయింది. నేడు పార్టీ మారినవాడు మొదట చేసే పని నిన్నటి స్నేహితుని దూషించడం. ఒక ఇంట అన్నదమ్ములు రెండు జెండాలు పట్టితే పండుగనాడు ఒక పంక్తిలో కూర్చోలేకపోతున్నారు. సెల్‌ఫోనులో వచ్చిన ఒక సందేశం ముప్పై ఏళ్ల స్నేహాన్ని ముక్కలు చేస్తున్నది. భేదాభిప్రాయం ప్రజాస్వామ్యానికి ఊపిరి. అది శత్రుత్వంగా మారితే ఊపిరాడకపోవడమే మిగులుతుంది. ఈ విషయంలో పాఠం చెప్పడానికి ఆ పంతులుగారు నల్లబల్ల ఎక్కలేదు. సంతకం చేసినప్పుడల్లా చెప్పారు.

ఒక రోజు సంగతి

ఇంత పోరాటశీలి ఐన కవి అన్నిటికంటె ఎక్కువ ప్రేమతో రాసిన కావ్యం ఏది? యుద్ధం కాదు, విప్లవం కాదు. ఒక గృహిణి దినచర్య. దాని పేరు 'కుడుంబ విళక్కు', అనగా కుటుంబ దీపం. 1940లలో వెలువడడం మొదలైన ఆ కావ్యంలో అయిదు భాగాలు ఉన్నాయి. ఒక రోజు జరిగిన సంగతి, అతిథి సత్కారం, వివాహం, సంతానం, వృద్ధదంపతుల ప్రేమ — ఇవీ విషయాలు. రాజులు లేరు, శాపాలు లేవు, స్వయంవరాలు లేవు. తంగం అనే ఇల్లాలు తెల్లవారుజామున లేస్తుంది. వాకిట ముగ్గు పెడుతుంది. వంట చేస్తుంది. అత్తమామలకు కావలసినవి చూస్తుంది. పిల్లలను బడికి సాగనంపుతుంది. అంతటితో ఆగక భర్త దుకాణంలో వ్యాపారం కూడా చక్కబెడుతుంది. మహాకావ్యాలు ఒక్క పాదంలో దాటిపోయే పనులను ఈ కవి ఒక్కొక్కటిగా నిలబెట్టి, గౌరవంగా పద్యంలో కూర్చోబెట్టాడు.

రాత్రి అయింది. పనులన్నీ ముగిశాయి. దంపతులు మాట్లాడుకొనే వేళ తంగం భర్త ముందు ఒక సందేహం ఉంచుతుంది. పొద్దు పొడిచింది మొదలు పడుకొనే వరకు మనం పోగుచేసుకొన్నదంతా మన మేలే. పదిమంది మేలుకోసం మన చేత ఏమైనా అయిందా అన్నది ఆ సందేహ సారాంశం.

ఈ ఘట్టాన్ని చదివినవారు మొదట ఆశ్చర్యపోతారు. అంత మంచి ఇల్లాలు, అంత చక్కని సంసారం. లోపం ఎక్కడ ఉంది? ఎక్కడా లేదు. కవి చెప్పదలచినదే అది. లోపం లేని ఇల్లు కూడా ఇంటితోనే ఆగిపోతే అది సగం వెలుగు. దీపానికి స్వభావం గడప దాటడం. ఇంటిలో నలుగురికి వడ్డించే చేతికి వీధిలో ఆకలిగా ఉన్నవాడు కూడా కనబడినప్పుడు దయ అనేది గుణంగా మిగలక ధర్మంగా మారుతుంది.

అదే కాలంలో భారతీదాసన్ 'ఇరుండ వీడు' అనే మరొక కావ్యం రాశారు. చీకటి ఇల్లు అని దాని అర్థం. సోమరితనం, అజ్ఞానం, మూఢనమ్మకం ఒక కుటుంబాన్ని ఎలా ముంచుతాయో చెప్పే కథ అది. ఒక కావ్యంలో వెలుగు, ఒక కావ్యంలో చీకటి: మంచి ఉపాధ్యాయుడు సరియైన లెక్కను ఒక పక్క, తప్పు లెక్కను ఒక పక్క వేసి తేడా ఎక్కడ ఉందో పిల్లలనే కనుగొనమన్నట్లు ఉంటుంది ఈ జంట రచన. రెండు ఇళ్లకూ తేడా డబ్బులో లేదు. చదువులో ఉంది, చదువు నేర్పవలసిన శ్రద్ధలో ఉంది.

కుటుంబ దీపం చివరి భాగం ముసలి దంపతులది. శరీరం ఉడిగింది, అందం పోయింది, ఉపయోగం కూడా పోయింది. ఆమె బ్రతికి ఉన్నదన్న తలపు ఒక్కటే ఆయనకు సంతోషం. ప్రయోజనాన్ని బట్టి మనిషి విలువ కట్టే కాలంలో ఈ మాట వినవలసినదే. పనికిరాని వారిని సైతం ఉండనివ్వడం, ఉన్నందుకు సంతోషించడం — దయకు ఇంతకంటె సూక్ష్మమైన నిర్వచనం దొరకదు.

అన్నం పెట్టిన చేయి

దయ గడప దాటితే ఏమవుతుంది? ఇందుకు ఒక తెలుగు ఉదాహరణ యానాంకు ఎంతో దూరంలో లేదు. కోనసీమలోని లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ అనే గృహిణి ఉండేది. 1841లో పుట్టి 1909లో మరణించిన ఆమె, గోదావరి పాయలు దాటి వచ్చే బాటసారులకు వేళ కాని వేళ కూడా అన్నం పెట్టడమే జీవితంగా చేసుకొన్నది. ఆమె రాజకీయాలు ఎరుగదు. ఆకలి మాత్రం బాగా ఎరుగును. ఆమె మరణించిన సంవత్సరమే సుబ్బురత్నం నిరవి బడిలో చేరడం యాదృచ్ఛికం.

ఒక ఇల్లాలి చేయి ఎంత పెద్దదైనా ఎందరికి పెట్టగలదు? ఆ చేయి అలసిపోయిననాడు, ఆ ఇల్లు మూతబడిననాడు ఆకలి ఆగుతుందా? ఇక్కడే రాజకీయం అవసరమవుతుంది. మద్రాసు నగరంలో 1920లలో బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం మొదలైంది. పుదుచ్చేరిలో 1930 నాటికి ఫ్రెంచి పాలకులే ఆ పని ప్రారంభించారు. తమిళనాడులో 1956లో కామరాజు దానిని రాష్ట్రమంతటా సాగించారు, 1982లో ఎం.జి. రామచంద్రన్ మరింత విస్తరించారు. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఉత్తర్వుతో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో వండిన అన్నం పెట్టడం దేశమంతటికీ విధి అయింది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన బడి భోజన పథకానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టింది.

ఈ వరుసను ఒకసారి శాంతంగా చూడండి. ఒక వంటింటిలో పుట్టిన దయ నగరపాలక సంస్థ తీర్మానమై, ముఖ్యమంత్రి పథకమై, న్యాయస్థానపు ఉత్తర్వై, చివరకు బడిపిల్లవాని కంచంలోకి అన్నంగా వచ్చింది. రాజకీయం చేయదగిన పని ఇదే: ఒకరి మంచితనంపై ఆధారపడిన మేలును అందరి హక్కుగా మార్చడం. ఐతే దీనికి మరొక పార్శ్వం ఉంది. హక్కుగా మారిన అన్నంలో దయ కరువైతే అది నీళ్ల సాంబారు అవుతుంది. పురుగుల బియ్యం అవుతుంది. గరిటె పట్టిన మనిషి కసురుకొంటూ వడ్డిస్తే చట్టం అమలైనట్లే, పిల్లవాడి కడుపు మాత్రం నిండదు. చట్టం చేయడానికి శాసనసభ చాలును. వడ్డించడానికి మాత్రం మనిషి కావాలి. ఆ మనిషికి ఎదురుగా నిలబడి చూసే ప్రభుత్వ ప్రతినిధి ఎవరంటే, మళ్లీ బడిపంతులే.

జీతగాడు, పౌరుడు

ఉద్యోగ విరమణ చేసిన 1946లోనే, జూలై 29న, మద్రాసులో సి.ఎన్. అన్నాదురై పూనికతో జరిగిన సభలో భారతీదాసన్‌కు ఇరవై అయిదు వేల రూపాయల నిధి, 'విప్లవకవి' బిరుదు సమర్పించారు. మరుసటి సంవత్సరం భారతదేశం స్వతంత్రమైంది, పుదుచ్చేరి కాలేదు. 1954 అక్టోబరు 18న కీళూరులో సమావేశమైన 178 మంది ప్రజాప్రతినిధులలో 170 మంది భారతదేశంలో విలీనానికి ఓటు వేశారు. నవంబరు 1న పాలన చేతులు మారింది. చట్టప్రకారం విలీనం పూర్తి కావడానికి 1962 ఆగస్టు 16 వరకు పట్టింది. విలీనానంతరం 1955లో జరిగిన ఎన్నికలలో పెరుమాళ్ కోవెల వీధి పంతులుగారు ప్రజాప్రతినిధిగా ఎన్నికయ్యారు. ఒకప్పుడు ఫ్రెంచి ప్రభుత్వోద్యోగిగా మారుపేర్లతో రాయవలసి వచ్చిన మనిషి ఇప్పుడు సభలో నిలబడి మాట్లాడారు.

నేటి ఉపాధ్యాయునికి నియమాలు స్పష్టంగా ఉన్నాయి. 1964 నాటి కేంద్ర ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమావళి ప్రకారం ఉద్యోగి ఏ రాజకీయపక్షంలోను సభ్యుడు కారాదు, ప్రచారం చేయరాదు. ఓటు వేయవచ్చును, ఎవరికి వేసినదీ, వేయబోయేదీ సూచనగానైనా తెలుపరాదు. ఈ నియమం అన్యాయమైనది కాదు. పక్షపాతం చూపించే అధికారి వద్దకు పేదవాడు ధైర్యంగా వెళ్లలేడు. తండ్రి ఏ పార్టీవాడో చూసి మార్కులు వేసే పంతులు ఏ బడిలోను ఉండకూడదు.

కాని ఈ నియమం నోటికి తాళం అని అనుకోవడం పొరపాటు. పార్టీ వేరు, రాజకీయం వేరు. ఏ పార్టీకి ఓటు వేయాలో చెప్పకూడదు. ఓటు ఎందుకు విలువైనదో చెప్పవచ్చు. ఏ నాయకుడు మంచివాడో చెప్పకూడదు. మంచి నాయకుని ఏ ప్రశ్నలు అడగాలో నేర్పవచ్చు. తరగతిలో ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలి, మంచినీళ్ల కుండ ఎవరు ముట్టవచ్చు, ఆటలో ఆడపిల్లలకు వంతు ఉందా, తప్పు చెప్పినవాడిని నవ్వకుండా దిద్దడం ఎలా — ఇవన్నీ ఉపాధ్యాయుడు ప్రతిరోజూ తీసుకొనే నిర్ణయాలే. వీటిలో ఒక్కటైనా రాజకీయం కానిది లేదు. పాఠ్యపుస్తకంలో సమానత్వం చదివించి, బెంచీల వరుసలో అసమానత్వం పాటించే తరగతి నుంచి ప్రజాస్వామ్యవాదులు తయారు కారు.

తెలుగునాట ఇందుకు నిలువెత్తు సాక్ష్యం గిడుగు రామమూర్తి పంతులు. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ ఆయన కొండలలోని సవర ప్రజల భాషను నేర్చుకొన్నారు. ఆ భాషలో పుస్తకాలు సిద్ధం చేసి, సొంత ఖర్చుతో బడులు పెట్టి చదువు చెప్పించారు. తెలుగులో వాడుకభాష కోసం జరిపిన పోరాటంలో ఆయన ఎవరికీ తలవంచలేదు. ఆ పోరాటానికీ, సవరల బడికీ మూలం ఒకటే: ఎదుటివాడికి అర్థమయ్యే మాటలో చెప్పాలన్న పట్టుదల. పిల్లవాడు నా భాషకు రావాలి అనేది అధికారం. నేను పిల్లవాని భాషకు వెళ్లాలి అనేది దయ. ఆ దయ నుంచి పుట్టిన వాదమే తరువాత తెలుగు పత్రికల భాషను, పాఠ్యపుస్తకాల భాషను మార్చివేసింది. ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగువారు భాషాదినోత్సవంగా జరుపుకొంటున్నారు.

పుదుచ్చేరిలో ఈ మాటకు ప్రస్తుతం మరింత విలువ ఉంది. తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, కేరళ పాఠ్యప్రణాళికలను అనుసరిస్తూ వచ్చిన అక్కడి ప్రభుత్వ పాఠశాలలు 2023–24 విద్యాసంవత్సరం నుంచి దశలవారీగా కేంద్ర మాధ్యమిక విద్యామండలి ప్రణాళికకు మారాయి. దేశమంతటితో సమంగా పోటీపడే అవకాశం కలుగుతుందని కొందరు సంతోషించారు. ఇంటిలో చదువు లేని పిల్లలకు ఈ భారం మోయరానిదవుతుందని కొందరు కలత చెందారు. ప్రణాళిక ఎవరిదైనా దానిని పిల్లవాని భాషలోకి దించవలసిన బాధ్యత మాత్రం మారలేదు. ఇంటివద్ద చెప్పేవారు లేని పిల్లవాని వద్ద సాయంత్రం అరగంట ఎక్కువ కూర్చొనే పంతులు ఉన్నారా లేరా అన్నదానిపైనే ఏ విధానమైనా నిలుస్తుంది, లేదా కూలుతుంది.

తరగతి గది, ఎన్నికల గది

భారతదేశంలో ఎన్నికల రోజున ఒక విచిత్రం జరుగుతుంది. తరగతి గదులే పోలింగు కేంద్రాలు అవుతాయి. బల్లలు గోడవారకు జరుగుతాయి. పిల్లలు గీసిన బొమ్మలు గోడమీద అలాగే ఉంటాయి. జాబితాలో పేర్లు పిలిచే ఉద్యోగులలో ఎక్కువమంది ఉపాధ్యాయులే. 1962 సార్వత్రిక ఎన్నికల నుంచి వాడుకలో ఉన్న మైసూరు సిరాను ఓటరు వేలిపై పెట్టే చేయి తరచుగా సుద్దముక్క పట్టిన చేయే. ఆనాడు ఆయన ఏ పక్షమూ కాదు. వరుసలో మిల్లు యజమాని వెనుక కూలీ నిలబడితే ఆ క్రమాన్ని కాపాడడమే ఆయన పక్షం. బడిలో రోజూ ప్రార్థన వేళ పిల్లలను నిలబెట్టిన వరుసే అది. ఇంటి పేరు చూడకుండా, కులం అడగకుండా, వచ్చిన క్రమంలో నిలబడడం చిన్నతనంలో అలవాటైనవాడికి ఆనాటి వరుస కొత్తగా తోచదు.

భారతీదాసన్ మరణానంతరం ఆయన నాటకం 'పిసిరాందైయార్'కు 1969 సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. తిరుచిరాపల్లిలో 1982లో ఆయన పేర విశ్వవిద్యాలయం వెలసింది. పుదుచ్చేరి ప్రభుత్వ సభలలో ఆయన రచించిన తమిళతల్లి గీతమే పాడుతారు. ఇన్ని గౌరవాలు ఆ కవికి దక్కాయి. బడిపంతులుకు దక్కవలసిన గౌరవం వేరు. అది ఆయన సృష్టించిన ఇల్లాలు అడిగిన ప్రశ్నను ప్రతి ఇంట రాత్రిపూట ఒకసారి అడుగుకోవడం.

ఆ ప్రశ్నకు ప్రతిదినం పెద్ద సమాధానం ఉండనక్కరలేదు. పక్కింటి వృద్ధునికి మందు తెచ్చి ఇచ్చామనవచ్చు. పనిమనిషి కుమార్తె ఫీజు కట్టామనవచ్చు. మన పార్టీ కానివాడు చెప్పిన మంచిమాటను మంచిమాటగా ఒప్పుకొన్నామనవచ్చు. వార్డు సమావేశానికి వెళ్లి, వీధి కుళాయి గురించి కోపం లేకుండా, భయం లేకుండా అడిగి వచ్చామనవచ్చు. ఏమీ లేనినాడు ఏమీ లేదని నిజం చెప్పుకొన్నా అది కొంత మేలే. ప్రశ్న బ్రతికి ఉంటే సమాధానం రేపైనా వస్తుంది.

ప్రభుత్వాలను మార్చే శక్తి అయిదేళ్లకు ఒకసారి వేలికొసన నిలుస్తుంది. ఆ వేలు ఎవరిని చూపాలో నిర్ణయించే మనసు మాత్రం ఇంటిలో, బడిలో, రోజుకు కొంచెంగా తయారవుతుంది. ఇంటిలో దీపం పెట్టేవారికి, బడిలో పేరు పిలిచేవారికి రాజకీయాలతో పనిలేదని ఎవరైనా అంటే, వారు ఈ రెండు పనులను సరిగా చూడలేదన్నమాట.